తొక్కనిది తొక్కుడు లడ్డు అవుతుందా?

బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషించవలసిందే. కానీ ఆ పేరుతో బస్టాండుల్లో అమ్ముతున్న వాటిలో రోకటి దెబ్బ తిన్నవి ఎన్ని?

శనగపిండిని జంతికల మాదిరి వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ రోట్లో మళ్లీ దంచాలి. పనంతా ఆ రెండో దంపుడులోనే ఉంది. పిండి వెన్నలా నలిగేది అక్కడే. పళ్లు లేని తాత కూడా తినగల లడ్డు అది! ఉత్తరాది నుంచి వచ్చిన బొందిలీలు బందరుకు తెచ్చిన విద్య ఇదని చెబుతారు.

కొనేవారు ధర దగ్గర బేరమాడతారే గాని, దంచారా లేదా అని అడగరు. రోజంతా రోకలి ఎత్తి వేసేవానికి తగిన కూలి గిట్టకపోతే కుర్రవాళ్లు ఈ పనికి ఎందుకు వస్తారు? గుర్తింపు పొందిన తయారీదార్ల పేర్లను అధికారులు బందరు బస్టాండులోనైనా బోర్డు మీద రాయించాలి.