ఉప్పునీళ్లలో దీపం వెలిగించి చూపండి

అయానిక పదార్థాలు ఘనస్థితిలో విద్యుత్తును ప్రసరింపజేయవు, కరిగితే ప్రసరింపజేస్తాయి. పదో తరగతి పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఈ మాట అప్పజెబుతారు. ఎందుకని అడిగితే చాలామంది నేలచూపులు చూస్తారు. జిల్లా పరిషత్ బడుల్లో సైన్సు చెప్పినవాడిగా నాకిది బాధ కలిగిస్తుంది. కళ్లతో చూడాల్సిన పాఠాన్ని మార్కుల బిట్టుగా కుదించేశాం.

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. 9 వోల్టుల బ్యాటరీ, ఎల్‌ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, రెండు కొసలా చెక్కిన పెన్సిళ్లు రెండు, ఇన్వర్టర్లలో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు. పొడి ఉప్పులో పెన్సిళ్లు గుచ్చితే దీపం వెలగదు. సోడియం, క్లోరైడ్ అయాన్లకు ఆవేశం ఉన్నా, స్ఫటికంలో వాటికి కదిలే వీల్లేదు. వేడితో ఆ కట్టు విప్పాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపితే మాత్రం అయాన్లు విడివడి కదులుతాయి, దీపం వెలుగుతుంది. ఈ సంగతి వివరించిన స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్‌కు 1903లో నోబెల్ బహుమతి దక్కింది.

వేరే గ్లాసులో చక్కెర ఎంత కలిపినా దీపం వెలగదు. చక్కెరలో పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని ఉంటాయి. కరిగినా అణువు విడిపోదు, ఆవేశాన్ని మోసేదేదీ ఉండదు. ఇక ఆ పెన్సిల్లోని గ్రాఫైట్ చూడండి. ప్రతి కార్బన్ పరమాణువు మూడింటితోనే బంధం కట్టుకుంటుంది, నాలుగో ఎలక్ట్రాన్ పొర పొడవునా తిరుగుతుంది. వజ్రంలో నాలుగూ బంధాల్లోనే ఉండిపోతాయి, అందుకే వజ్రం కరెంటును పోనివ్వదు.

ఈ పాఠం పొలం దాకా వస్తుంది. బోరునీళ్లలో లవణాలుంటాయి, చెమటలో ఉప్పుంటుంది. తడిచేత్తో మోటారు స్టార్టర్ పట్టుకునే రైతుకు ప్రాణాపాయం అక్కడే ఉంది. దీపం వెలగడం కళ్లారా చూసిన పిల్ల, నాన్న తడిచేతులతో స్టార్టర్ దగ్గరికి వెళ్తుంటే ఆపుతుంది.

ప్రధానోపాధ్యాయులకు నా మనవి: రసాయన బంధం పాఠం మొదలుపెట్టే రోజే ఈ ప్రయోగం చేయించండి. ఇంటి కరెంటు జోలికి పోవద్దు, బ్యాటరీతోనే, గాలి ఆడే గదిలో, కొద్దిసేపే. తల్లిదండ్రులారా, ఎన్ని మార్కులొచ్చాయని అడిగే ముందు, ఉప్పునీళ్లలో దీపం వెలిగించి చూశావా అని అడగండి.