లోటు ఎవరి కంచంలోంచి పూడుస్తారు?

ఈమధ్య తెనాలిలో జరిగిన ఒక సభలో కొత్తగా గెలిచిన ఒక శాసనసభ్యుడి ప్రసంగం విన్నాను. మా ప్రాంతం ఆయన కాదు, అతిథిగా వచ్చాడు. పేరు అనవసరం, ఎందుకంటే ఆ అభిప్రాయం ఆయన ఒక్కడిదీ కాదు. రాష్ట్ర ఖజానా ఖాళీ అయిందనీ, లోటు పూడాలంటే ఉచితాలు తగ్గించుకోవాలనీ, ఆసుపత్రుల్లాంటివి ప్రైవేటు వాళ్ళతో కలిసి నడపాలనీ, ఆదాయం వచ్చే మార్గాల్ని దాపరికం లేకుండా వాడుకోవాలనీ ఆయన వివరించాడు. ఆ చివరిదాని అర్థం మద్యమని అందరికీ తెలిసింది, కొందరు నవ్వారు కూడా. ఆ తర్వాత ముందు వరసలో కూర్చున్న మావైపు తిరిగి, ఇదంతా ఇల్లు నడపడం లాంటిదే, మీకు తెలియందేముంది అమ్మా అన్నాడు.

తెలుసు. తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఇంట్లో లోటు ఎలా పూడుతుందో అర్థశాస్త్రం పుస్తకాల్లో లేదు. పాలు తగ్గితే ముందు ఆడదాని టీలో తగ్గుతాయి. కూర చాలకపోతే ఆఖర్న కూర్చున్నావిడ పచ్చడితో సరిపెట్టుకుంటుంది. పనిమనిషిని మానిపించడాన్ని పొదుపు అంటారు, ఆ గిన్నెలు తోమే చేతులు మాత్రం లెక్కలోకి రావు. మా అమ్మ పోపుల డబ్బాలో దాచిన రూపాయల్ని మా ఇంట్లో ఎవరూ ఆదాయమనలేదు. అవసరం వచ్చిన రోజున మాత్రం అందరికీ గుర్తొచ్చేవి. ఇంటి ఖర్చు తగ్గించడమంటే ఖర్చు తగ్గడం కాదు, అది ఒకరి ఒంటిమీదకు మారడం. రాష్ట్రం కూడా ఇల్లులాంటిదేనని ఆయన అన్నది ఈ ఒక్క విషయంలో అక్షరసత్యం.

అప్పుల లెక్కలు అబద్ధమని నేననడం లేదు. 2024 జూలైలో ప్రభుత్వం సభలో పెట్టిన శ్వేతపత్రం మొత్తం అప్పులూ బకాయిలూ కలిపి 9.74 లక్షల కోట్లని చెప్పింది. ఆ అంకె మీద పార్టీలు కొట్టుకుంటాయి, కొట్టుకోనీ. నా ప్రశ్న వేరు. శ్వేతపత్రం వచ్చిన ప్రతిసారీ దాని వెనకాల ఏం వస్తుంది?

1996లోనూ ఇలాగే ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రం వచ్చింది. ఆ ఏడాదే కిలో 2 రూపాయల బియ్యం మూడున్నర అయింది. మరుసటి ఏడాది, 1997లో, మద్యనిషేధం ఎత్తేశారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ సీతమ్మ కథ చదివి, చదివింది అక్కడితో వదిలెయ్యకుండా వెళ్ళి సారా దుకాణం మూయించారు. అది నెల్లూరు దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వాళ్ళు పోరాడి తెచ్చుకున్నవి. రెండేళ్ళు తిరిగేసరికి ఖజానా భరించలేదన్నారు. దొంగసారా, అక్రమ రవాణా, లోటు - అన్నీ వాళ్ళ మొండితనం ఖాతాలోనే పడ్డాయి. సరే, నిషేధం వల్ల వచ్చిన కష్టానికే బియ్యం ధర పెంచారనుకుందాం. మరి మద్యం తిరిగొచ్చాక 2 రూపాయల బియ్యం తిరిగి రావాలి కదా? అది 2008 దాకా రాలేదు. సీసా వెంటనే వచ్చింది, బియ్యానికి పదకొండేళ్ళు పట్టింది.

తర్వాతి కథ ఇంకా విచిత్రం. దశలవారీ నిషేధమన్న మాట మీద గెలిచిన ప్రభుత్వం 2019 అక్టోబరు నుంచి మద్యం దుకాణాలు తానే నడిపింది. 2020 మేలో, తాగుడు మాన్పించడానికని, వరసగా రెండుసార్లు పెంచి ధరని 75 శాతం ఎక్కువ చేసింది. మానాలనుకున్నవాడు మానాడేమో. మాననివాడు ఆ 75 శాతం ఎక్కణ్ణుంచి తెచ్చాడు? పోపుల డబ్బాలోంచి. 2021లో చట్టం సవరించి అమ్మఒడి, ఆసరా, చేయూత పథకాల నిర్వహణను బెవరేజెస్ కార్పొరేషన్‌కి అప్పగించారు. ఈ మూడూ స్త్రీల పేరుమీద నడిచిన పథకాలు. పిల్లాణ్ణి బడికి పంపే తల్లికి ఇచ్చే డబ్బు ఆ పిల్లాడి తండ్రి తాగితేనే వస్తుందని ఒక రాజ్యం చట్టంలో రాసుకుంది. ఆ మరుసటేడు అదే ఆదాయాన్ని చూపించి 8 వేల కోట్లకు పైగా బాండ్ల అప్పు తెచ్చుకుంది. అంటే రేపు తాగబోయే వాళ్ళ తాగుడు కూడా ఇవాళే తాకట్టు పడింది.

ఆ రోజుల్లోనే, 2022 మే 1 తెల్లవారుజామున, రేపల్లె రైల్వే స్టేషన్లో పనికోసం వలసపోతూ భర్తాపిల్లలతో ప్లాట్‌ఫాం మీద పడుకున్న ఒక గర్భిణి మీద సామూహిక అత్యాచారం జరిగింది. అప్పటి హోంమంత్రి, ఆమె కూడా స్త్రీయే, తాగిన మత్తులో అనుకోకుండా జరిగిందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. తాగుడే హింసకు కారణమని నేను నమ్మను. చుక్క ముట్టకుండా కొట్టే మగవాళ్ళు మనందరికీ తెలుసు. కానీ ఆ మత్తును కౌంటర్లో కూర్చుని అమ్మినదీ ప్రభుత్వమే, ఆ మత్తునే సాకుగా చూపినదీ ప్రభుత్వమే. రాబడి పద్దులో అది ఆదాయం, నేరం జరిగితే అది మగవాడి తరఫు సాక్షి. రేపల్లె బండి ఎక్కినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

2024లో ప్రభుత్వం మారింది, దుకాణాలు ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాయి. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షల తిరిగిరాని రుసుము కాబట్టి ఒక్క సీసా అమ్మకముందే సుమారు 1,800 కోట్లు చేరాయి. క్వార్టర్ 99 రూపాయలకే దొరికేలా చేశారు. రోజుకొకటి తాగేవాడికి ఏడాదికి 36,135 రూపాయలు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఒక బిడ్డకు తల్లి ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకని పట్టుకున్నారు. రెండు ప్రభుత్వాల మధ్య నాకు కనిపించిన తేడా దుకాణం యజమాని ఎవరన్నదే.

99 అంకె ఇంకొక చోట కూడా కనిపించింది. 2025 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో 21 ఎకరాలకు పైగా భూమిని టీసీఎస్‌కి నామమాత్రంగా 99 పైసలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఉద్యోగాలొస్తాయంటారు, రావచ్చు, మన పిల్లలకే రావచ్చు. కానీ దాన్ని ఎవరూ ఉచితమనలేదు. దాని పేరు ప్రోత్సాహం. 'ఉచితం' అనే మాట ఆడవాళ్ళు ఎక్కే బస్సుకే.

ఇక బాపట్ల. అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వస్తుందని ఎదురుచూశాం. 2025 సెప్టెంబరులో పీపీపీ పద్ధతికి మళ్ళించాలని మంత్రివర్గం నిర్ణయించిన పది కళాశాలల్లో అదీ ఉంది. దీనిమీద సీట్ల గురించీ ఫీజుల గురించీ చాలామంది రాశారు. నేను అటెండర్ గురించి రాస్తాను. పెద్ద జబ్బొస్తే బాపట్ల, రేపల్లె వాళ్ళు గుంటూరు పెద్దాసుపత్రికి పరిగెత్తుతారు. అక్కడ మంచం పక్కన చాప పరుచుకుని కూర్చునేది ఎవరు? తల్లో, కోడలో, పెళ్ళికాని కూతురో. ఆమె కూలి పోతుంది, చదువు పోతుంది, ఇంట్లో మిగిలిన పిల్లల తిండి ఇంకో ఆడపిల్ల నెత్తిన పడుతుంది. ప్రభుత్వాసుపత్రి దగ్గరగా లేకపోవడం వల్ల మిగిలిన డబ్బు పొదుపుగా రాసుకుంటారు. ఈ చాపల మీద గడిచిన రోజుల్ని ఏ శ్వేతపత్రమూ లెక్కపెట్టలేదు.

లెక్క అడిగిన వాళ్ళకి ఏమైందో కూడా చూశాం. 2023 డిసెంబరులో జీతం పెంచమని అంగన్‌వాడీ కార్యకర్తలూ ఆయాలూ సమ్మెకి దిగారు. నెలకు 11,500తో పిల్లల తిండీ చదువూ బాలింతల బాగోగులూ చూసే మనిషిని ఉద్యోగి అనకుండా, ఆమె తీసుకునేదాన్ని జీతం అనకుండా 'గౌరవ వేతనం' అన్నారు. సమ్మె చెయ్యగానే మాత్రం ఆమె పని అత్యవసర సేవ అయిపోయింది, 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించారు. జీతమివ్వడానికి స్వచ్ఛంద సేవ, ఆపితే అత్యవసర సేవ! నలభై రోజులకు పైగా రోడ్డు మీద కూర్చున్న ఆ ఆడవాళ్ళే ఈ రాష్ట్ర బడ్జెట్ మీద వచ్చిన మంచి విమర్శ అని నా అభిప్రాయం. మన విశ్వవిద్యాలయాల సెమినార్లలో వచ్చినవాటికంటే కూడా.

మన రాష్ట్రంలో 2021 నుంచి జెండర్ బడ్జెట్ ఉంది. స్త్రీలకు ఏ పథకం కింద ఎంత ఇస్తున్నారో అందులో వరసగా ఉంటుంది. పక్కన ఇంకొక గడి గీయమని మనం అడగాలి. స్త్రీల ఇళ్ళనుంచి ఎక్సైజు రూపంలో ఎంత వచ్చింది, వాళ్ళకివ్వని జీతం ఎంత, మూసిన, కట్టని, అప్పగించిన ఆసుపత్రుల వల్ల వాళ్ళు చేసిన చాకిరీ ఎన్ని రోజులు అన్నది ఆ గడిలో రాయమనాలి. కష్టమైన లెక్కే, కానీ వెయ్యలేనిదేం కాదు. మనలో అర్థశాస్త్రం చెప్పేవాళ్ళున్నారు, సర్వేలు చేసేవాళ్ళున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒక్కో వార్డు తీసుకుని, వచ్చే బడ్జెట్ సమావేశాల లోపల మొదలుపెట్టవచ్చు. మా తెనాలి వార్డు నేను తీసుకుంటాను.