జాడీ వెనక బట్టీ

మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉండే ఉంటుంది. ఉప్పు, నూనె, ఆవపిండి, మామిడి పులుపు ఏడాది పొడుగునా అందులో నానినా జాడీకి చీమ కుట్టినట్టయినా ఉండదు. దాని ఒంటిమీదున్న గాజు పొరదే ఆ మహత్తు. అయితే, జాడీ కాలిన బట్టీకి కూడా ఒక పొర కావాలన్న సంగతి మనకు పట్టదు. ఈ వారం దాన్ని గురించి చెబుతాను.

జాడీలకు మెరుగు పెట్టే పద్ధతుల్లో ఉప్పు మెరుగు ఒకటి. జర్మనీలో రైన్ నది ప్రాంతపు కుమ్మరులు 15వ శతాబ్దంలోనే దీన్ని వాడారు. బట్టీ వేడి 1200 డిగ్రీల సెంటిగ్రేడు దాటాక, మంటలోకి మామూలు ఉప్పు విసురుతారు. అది ఆవిరవుతుంది. అందులోని సోడియం మట్టిలో ఉన్న సిలికాతో కలిసి గాజవుతుంది. ఇసుకా సోడా కరిగించి గాజు చేయడం లేదూ? అదే సూత్రం.

చిక్కేమిటంటే, ఆ ఆవిరికి కుండేదో ఇటుకేదో తెలియదు. బట్టీ గోడల ఇటుకలోనూ సిలికా ఉంది గదా! దాన్నీ పట్టుకుంటుంది. ప్రతి కాల్పుకీ ఇటుక కొంత గాజై కరుగుతుంది. కప్పు నుంచి బొట్టుబొట్టుగా సరుకు మీద పడుతుంది. మన ఊరి కుమ్మరి ఆవానికి ఈ బాధ లేదు. అక్కడ అంత వేడీ రాదు, ఉప్పూ పడదు.

దీనికి విరుగుడు అల్యూమినా. అది కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. సోడియానికి అంత సులభంగా లొంగదు. అల్యూమినా పొడీ, చీనా మట్టీ సమపాళ్లలో తీసుకుని, నీళ్లు పోసి చిక్కటి మజ్జిగలా కలుపుతారు. ఇటుక మీద దుమ్ము దులిపి, కాస్త తడిపి, కుంచెతో పలచగా రెండు మూడు పూతలు వేస్తారు. మొదటి కాల్పుకు ముందే వెయ్యాలి. గాజెక్కిన ఇటుకకు పూత సరిగా అంటదు. మందంగా వేస్తే ఎక్కువ కాలం మన్నుతుందనుకునేరు! బీటలు వారి పెచ్చులూడుతుంది. కప్పు నుంచి ఊడిన పెచ్చు జాడీకి అతుక్కుందంటే, ఆ జాడీని ఎవరూ కొనరు.

అల్యూమినా ఖరీదని పూతలో పలుగురాతి పొడి కలిపేవారున్నారు. పలుగురాయంటే సిలికాయే. ఉప్పు బట్టీలో అది దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టే. అంతకన్నా పెద్ద కీడు వేరే ఉంది.

ఒక బట్టీలో కుర్రవాడొకడు లోపల దూరి పాత పూతను పొడిగానే గోకుతుంటే చూశాను. “కాస్త తడిపి గోకవోయ్” అన్నాను. “మట్టే కదండీ, ఏమవుతుంది?” అన్నాడు నవ్వుతూ.

సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగిందంటే, ఏళ్ల తరబడి అక్కడ మచ్చలు కట్టిస్తుంది. ఆ జబ్బే సిలికోసిస్. అది నయమయ్యేది కాదు. ఇంగ్లండులో పింగాణీకి పేరుపడ్డ స్టోక్ ఆన్ ట్రెంట్ పట్టణం దీనివల్ల ఎంతో బాధపడింది. అక్కడ పింగాణీ సామాను చెకుముకిరాతి పొడిలో పొదిగి కాల్చేవారు. కాలాక ఆ పొడిని దులిపే పని ఎక్కువగా ఆడవాళ్లది. చివరకు బ్రిటన్‌లో 1947లో వచ్చిన నిబంధనలు, సరుకును పొదగడానికీ, బట్టీలో సరుకు నిలిపే పలకల పూతకూ చెకుముకి, పలుగురాతి పొడులు వాడరాదన్నాయి. వాటి స్థానంలోకి వచ్చింది అల్యూమినాయే. ఇటుకను కాపాడే పొడే మనిషి ఊపిరికీ మేలయిందన్నమాట.

ఏ పూతయినా తడిపే గోకాలి. మొహానికి చుట్టుకునే తువ్వాలు ఈ దుమ్మును ఆపలేదు. తగిన మాస్కు కావాలి. ఇంత జాగ్రత్తకయ్యే ఖర్చు సరుకు ధరలో కలవక తప్పదు. నన్నడిగితే ఆ నాలుగు డబ్బులు మనమే ఇవ్వాలి.

ఇంకొక్క మాట. ఉప్పు మెరుగు జాడీని అల్యూమినా కలిపిన చిన్న మట్టి ఉండల మీద నిలిపి కాలుస్తారు. అడుగున ఆవిరి తగలక గరుకుగా ఉండిపోతుంది. అది లోపమని దుకాణదారుతో బేరానికి దిగకండి!