ముట్టుకోనివ్వని శిబిరాలెందుకు?

బీదరులో శిబిరాలకు కొదవలేదు. బిద్రీ పేరు చెప్పి ఏ సంఘమైనా ఒక కార్యశాల పెట్టేయవచ్చు. వాటి నడక మనందరికీ కంఠతా వచ్చు. దీపం వెలిగించడం, స్వాగతం, ముఖ్య అతిథి గారి గంట ఉపన్యాసం. ఆ తర్వాత ఒక మూల కూర్చోబెట్టిన ఉస్తాద్‌కు ఇరవై నిమిషాలు. ఆయన ఒక పళ్ళెం మీద నాలుగు గీతలు చెక్కి చూపిస్తాడు. పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు. "ముట్టుకోకండి, వెండి!" అని వెనకనుంచి ఎవరో గద్దిస్తారు. శాలువా, ఫొటో, భోజనం, సర్టిఫికెట్. పిల్లల వేళ్ళకు మసి కూడా అంటదు. దీన్ని చేతిపని శిబిరం అనడం చేతులకూ అవమానమే, పనికీ అవమానమే.

మా పేటలోని తెలుగువాళ్ళ చిన్న సంఘం తరఫున ఆదివారాలు ఇలాంటి శిబిరం నడుపుతున్నవాణ్ణి. కాబట్టి ఇది గట్టున కూర్చుని విసురుతున్న రాయి కాదు.

అసలు పనేమిటో చూడండి. జింకులో కొద్దిపాటి రాగి కలిపి కరిగించి, ఇసుక అచ్చులో పోత పోయాలి. ఆకురాయితో నున్నగా రాయాలి. మైలుతుత్తం నీళ్ళు పూసి తాత్కాలికంగా నల్లబరచాలి, గీత కనబడడానికి. దానిమీద చేత్తో నమూనా గీసి, సన్నని ఉలితో గాడి తవ్వాలి. ఆ గాడిలో వెండితీగ కూర్చి సుత్తితో కొట్టాలి. మళ్ళీ రాయాలి. చివరికి కోటలో ఎండా వానా సోకని చోటునుంచి తెచ్చిన మన్నూ, నవాసారమూ కలిపిన నీటితో నల్లబరచాలి. లోహం నల్లనవుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఆ మన్నును నాలుక మీద వేసుకుని పరీక్షించే ఉస్తాద్‌లు ఉన్నారు.

ఇన్ని మెట్లలో మన శిబిరాలు పిల్లలకు చూపించేది ఆఖరి మెట్టు. తెల్లటి వస్తువు నల్లనవుతుంటే చప్పట్లు మోగుతాయి, ఫొటో బాగా వస్తుంది. రోజులు పట్టే గాడినీ, నడుం నొప్పెట్టే ఆకురాయినీ దాచేసి గారడీ ఒక్కటే చూపిస్తే పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? ఇదంతా చిటికెలో అయ్యే పని అని నేర్చుకుంటాడు. రేపు వాడే దుకాణంలో నిలబడి "ఇంత చిన్న డబ్బాకి ఇంత ధరా?" అని బేరమాడతాడు. చెడ్డ శిబిరం నేర్పకపోవడమే కాదు, పనివాడికి ఎదురు తిరుగుతుంది.

"పిల్లలకు దెబ్బ తగిలితే?" అంటారు. పోత ఉస్తాదే పోస్తాడు, పిల్లలు దూరంగా నిలబడి చూస్తారు. ఆకురాయి, ఉలి, సుత్తి పట్టుకోవడానికి మాత్రం భయమేమిటి? "వెండి ఎక్కణ్ణుంచి తెస్తాం, కిలో లక్ష దాటింది కదా" అంటారు. మొదటి వారాల్లో వెండి అక్కరలేదు. గాడి తిన్నగా రావడమే గగనం. బ్యానరుకూ, పూలదండలకూ పెట్టే ఖర్చు ఆకురాళ్ళకు పెట్టి చూడండి.

ఇంకో ప్రశ్న మనవాళ్ళదే. "తెలుగు సంఘానికి బిద్రీతో ఏం పని? పిల్లలకు పద్యాలు నేర్పండి." పద్యాలూ నేర్పుదాం. కాని ఈ ఊరు మనకేమవుతుందో మరిచిపోతే ఎలా? 1956 నవంబరు 1 దాకా బీదరు హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. ఆనాడు జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీరు, నీలంగా, అహ్మద్‌పూరు బొంబాయి రాష్ట్రానికి, మిగిలినది మైసూరుకు వెళ్ళాయి. గీత మారింది. మనం ఉన్నచోటే ఉన్నాం. ఇక్కడ అద్దెకున్నవాళ్ళలా ఉగాదికి ఒక పూట పోగై, పచ్చడి తిని విడిపోవడమే సంఘమా?

భాష మైకు ముందు బతకదు, పనిలో బతుకుతుంది. మా పిల్లల్లో చాలామందికి ఆకురాయి అన్న మాటే తెలియదు. అది చేతిలోకి వచ్చాక తెలిసింది, ఇక మరిచిపోరు. తెలుగు ఉలి కన్నడంలోనూ ఉళియే. మన సుత్తి వాళ్ళకు సుత్తిగె. మన వెండి వాళ్ళకు బెళ్ళి, ఉస్తాద్‌కు చాందీ. మన నవాసారం ఆయన నోట నౌసాదర్. ఒకే చాప మీద మూడు భాషలు ఒకే వస్తువును పిలుస్తుంటే, ఏ భాష ఎవరిదని పోట్లాడే తీరిక ఎవరికి? మైనారిటీ భాషకు దీనికన్నా మంచి బడి నాకు తెలియదు.

బిద్రీకి సన్మానాల కరువు లేదు. 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2011 గణతంత్ర దినోత్సవాన కర్ణాటక శకటం బిద్రీ మీదే. 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ దక్కింది. అన్నీ సంతోషించదగినవే. అయితే శాలువాతో పొయ్యి వెలగదు. శిబిరానికి వచ్చిన రోజున ఉస్తాద్‌కు ఆ రోజు పని పోయినట్టే. ఉపన్యాసకుడికి ప్రయాణ ఖర్చులిచ్చి, పనివాడికి "మీ కళకు ప్రచారం" అని చేతులు దులుపుకునే సంఘాలను చూశాను. ప్రచారం ఏ దుకాణంలో చెల్లుతుంది?

అందుకని శిబిరం పెట్టదలచినవారికి నా షరతులు ఇవి. ఒక పూట కాదు, కనీసం పది ఆదివారాలు. ఒక ఉస్తాద్‌కు పదిమందికి మించని పిల్లలు. ఉస్తాద్‌కు రోజు సంపాదనకన్నా ఎక్కువ, అదీ ముందుగా. నేర్పేటప్పుడు వేదిక ఆయనది, మనం కింద కూర్చోవాలి. మైకు వద్దు. సర్టిఫికెట్ బదులు పిల్లవాడు తవ్విన వంకర గాడి ఉన్న రేకు ఇంటికి పంపండి.

పది ఆదివారాలకు ఎవరూ బిద్రీ పనివాళ్ళయిపోరు. ఆ భ్రమ నాకు లేదు. కాని ఒక గీత తిన్నగా రావడానికి ఎంత ఊపిరి బిగబట్టాలో తెలిసిన పిల్లవాడు జన్మలో ఉస్తాద్ దగ్గర బేరమాడడు. వాళ్ళలో ఏ ఒక్కరైనా పదకొండో ఆదివారం తనంతట తాను ఆ దుకాణం గడప ఎక్కితే, అది మనం అచ్చువేసుకునే అన్ని ఆహ్వానపత్రికల కన్నా మేలు.

ఈ ఉగాదికి దండలు తగ్గించండి. ఉలులు కొనండి.