దురదకు ట్యూబు సరే, చీటీ అడిగేటోడేడి?

వానాకాలం మొదలైతే ఊరి మెడికల్ షాపుల ఒక బేరం పెరుగుతది. పొల్లగాడు వస్తడు, జనం లేని టైం జూసుకొని గొంతు తగ్గించి "అన్నా, దురదకు ట్యూబ్ ఇయ్యి" అంటడు. దురద యాడ అని షాపాయన అడగడు, వీడు జెప్పడు. చీటీ ముచ్చటే రాదు.

గజ్జల్ల వచ్చే తామరకు సిగ్గెందుకో అర్థంగాదు. అది ఫంగస్. చెమట, తడి బట్టలు, బిగుతు జీన్స్, ఇంకొకరి తువ్వాల చాలు అంటనీకి. తప్పు పని జేస్తెనే వస్తదనుకునుడు ఉత్త మాట. కానీ ఆ సిగ్గు మీదనే ఈ ట్యూబుల యాపారం నడుస్తున్నది.

చానా ట్యూబులల్ల ఫంగస్ మందుతోని స్టిరాయిడ్ గూడ కలిపి ఉంటది. డబ్బా మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే అది స్టిరాయిడే. రెండు దినాలల్ల దురద ఆగుతది, మంట తగ్గుతది. మందు మస్తు పనిజేసిందనుకుంటం. ఫంగస్ మాత్రం సావదు. ఒంట్లె దాంతోని కొట్లాడే శక్తిని స్టిరాయిడ్ అణగదొక్కుతది గనుక తొడల కెళ్లి పిర్రలకు, నడుముకు పాకుతది. ఆపితే డబుల్ అయితది. నెలల తరబడి రాస్తే తోలు పల్సబడి చారలు పడుతయి, అవి మళ్ల పోవు.

చర్మ డాక్టర్ల సంఘం ఏండ్ల సంది మొత్తుకుంటే 2018 మార్చిల కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌ల పెట్టింది. అంటే చీటీ లేకుంట అమ్మొద్దు. ఆ రూలు కాయితం మీదనే ఉన్నది. తనిఖీలు జేసేటోళ్లు పల్లె షాపు గడప తొక్కుడే తక్కువ.

దీని ఖర్చు చిన్నది గాదు. 2020ల జపాన్ పరిశోధకులు ఇండియా, నేపాల్ రోగుల నుంచి దొరికిన కొత్త ఫంగస్‌కు మన దేశం పేరు కలిపి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పెట్టిన్రు. టెర్బినఫిన్ మందుకు అది చానాసార్లు లొంగదు. 2023ల న్యూయార్క్‌ల గూడ బయటపడ్డది. అడ్డగోలు ట్యూబుల వాడకమే దానికి ఊతమిచ్చిందని చానామంది చర్మ డాక్టర్ల మాట.

అన్ని దురదలు తామర గాదు, గదే అసలు తిప్పలు. అంచు ఎర్రగ లేచి, నడుమ తేటగ ఉండి, గుండ్రంగ పాకితే తామర కావచ్చు. రాత్రిపూట దురద ఎక్కువై, వేళ్ల సందులల్ల గూడ పొక్కులొచ్చి, ఇంట్లోళ్లు గూడ గోక్కుంటుంటే గజ్జి. దానికి ఫంగస్ మందు పనిజెయ్యదు, ఇంటిల్లిపాది ఒక్కసారే మందు పూసుకోవాలె. అంగం మొన మీద ఎర్రగై తెల్లటి పొర మాటిమాటికి వస్తుంటే షుగర్ టెస్ట్ జేయించాలె. నొప్పి లేని పుండైనా, నొప్పి పెట్టే నీటిపొక్కులైనా కనబడితే ట్యూబు జోలికే పోవద్దు. పెద్ద సర్కారు దవాఖానలల్ల సురక్ష క్లినిక్‌లు ఉన్నయి, పైసలు దీస్కోరు, ముచ్చట బయటికి పోదు.

తామరకు మందు వారాల తరబడి వాడాలె. మచ్చ పోయినంక గూడ డాక్టర్ ఆపమనేదాక ఆపొద్దు. బట్టలు తిరగేసి ఎండల ఆరేయాలె. తువ్వాల ఎవరిది వాళ్లకే.

ఇగ సర్కారు జేయాల్సింది ఉన్నది. చర్మ డాక్టర్లంత పట్నంల ఉంటే పల్లె పొల్లగాడు షాపుకే పోతడు. మండలానికి వారంల ఒక్కదినమన్న చర్మ డాక్టర్‌ను పీహెచ్‌సీకి పంపాలె, చీటీ లేకుంట స్టిరాయిడ్ అమ్మిన షాపు మీద కేసు పెట్టాలె.