వారమునకొక ఛాయాచిత్రము

వారమున కొక విషయమును నిర్ణయించుకొని, దానికి తగిన ఛాయాచిత్రమును ఎవరికి వారు తీసి, మిత్రమండలిలో ఒకరి కొకరు చూపుకొను అలవాటు నేడు దేశదేశములందు వ్యాపించినది. ఒక వారము ‘నీడ’, మరియొక వారము ‘వాకిలి’, వేరొక వారము ‘వాన’. పనిలేనివారి వినోదమని కొందరు పెద్దలు దీనిని తోసివేయుదురు. ఆ తీర్పు తొందరపాటుతో కూడినది.

ఇట్టి క్రీడ తెలుగువారికి క్రొత్తది కాదు. అష్టావధానమున పృచ్ఛకుడు సమస్య నిచ్చును. నాలుగు పదము లిచ్చి, వానితో పద్యము చెప్పుమనును. ఆ నిర్బంధమే అవధాని బుద్ధికి పదును పెట్టును. ‘ఏదియైన చెప్పుము’ అన్నచో నోరు మెదపనివాడు, ‘ఇది చెప్పుము’ అన్నచో ఆలోచింపసాగును. ‘నీడ’ యను మాట చెవినబడిన బాలుడు తాను ప్రతిదినము నడచు వీధినే ఆనాడు వేరుగా చూచును. మధ్యాహ్నము పాదముల క్రింద ముడుచుకొన్న నీడ సాయంకాలమునకు ఎదుటి గోడ నెక్కుట, వేపకొమ్మల నీడ బావిగట్టుపై కదలాడుట అతని కంటబడును. చిత్రము చక్కగా వచ్చినదా లేదా యనునది తరువాతి మాట.

డాగేరు కనుగొనిన చిత్రణ పద్ధతిని ఫ్రాన్సు దేశమున 1839 ఆగస్టు 19న లోకమునకు వెల్లడించిరి. ఆ తొలినాళ్లలో చిత్రము తీయించుకొనువాడు నిమిషముల కొలది కదలక కూర్చుండవలసి వచ్చెడిది. 1888లో జార్జి ఈస్ట్‌మన్ నూరు చిత్రములు పట్టు ఫిల్ము చుట్టతో కొడాక్ కెమెరాను అమ్మకమునకు తెచ్చిన పిమ్మట ఈ విద్య క్రమముగా సామాన్యుల చేతికి వచ్చెను. అయినను మన పల్లెవాసులకు చిరకాలము ఫొటో యనగా పట్టణమునకు పోయి, రంగులు పూసిన తెర ముందు, ఊపిరి బిగబట్టి నిలుచుండుటయే. (ఆ తెరపై గల కొలనులో హంసలు తప్పక యుండెడివి!) తరువాతి కాలమున ఫిల్ము చుట్టలో పండ్రెండో, ముప్పదియారో చిత్రములు పట్టెడివి గనుక మీట నొక్కుటకు ముందు మనుష్యుడు ఆలోచించెడివాడు. నేటి చేతిఫోనునకు అట్టి లెక్క లేదు. ఒక్క పెండ్లిలో వందలకొలది చిత్రములు తీసి, మరల ఒక్కదానినైన చూడనివా రెందరో! వారమున కొక్కటియే యన్న నియమము, పోయిన ఆ ఎంపికను తిరిగి తెచ్చుచున్నది. పది చిత్రములలో తొమ్మిదింటిని విడిచిపెట్టుట నేర్చినవాడు కొంత విద్య నేర్చినట్లే.

అయితే ఇందొక చిక్కు కలదు. ‘వాన’ అను విషయ మిచ్చిన వారమున, గోడ కూలిన ఇంటి ముందు తలపట్టుకొని కూర్చున్న పొరుగింటి స్త్రీని ఒకడు చిత్రించి పంపె ననుకొందము. అందరును మెచ్చుకొందురు. ఆమెకు మాత్రము ఆ సంగతియే తెలియదు. వార్తాపత్రికవాడు వరదను చిత్రించుట వేరు. అది చూచి సహాయము రావచ్చును. వారపు విషయమునకు బొమ్మ కావలసి ఒకరి దుఃఖమును వాడుకొనుట వేరు. మీట నొక్కిన వ్రేలు మనదే గాని, కన్నీరు మనది కాదు గదా! వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. కాని పొరుగింటివారిని ఒక్కమాట అడుగుటకు తీర్పు కావలయునా?

పంపునది తన ఇంటి చిత్రమైనను జాగ్రత్త వలయును. ఫోనులో ఆ యేర్పాటు తెరచియున్నచో, చిత్రము తీసిన తేదీయే గాక, తీసిన చోటు గూడ అందు నిక్షిప్తమై యుండును. చూచినవారికి బొమ్మయే కనబడును. వెదకువారికి ఇల్లే దొరకును.

మెప్పులను లెక్కపెట్టుకొను జాడ్యము మరియొకటి. నలుగురు మెచ్చిరని వచ్చేవారమును సూర్యాస్తమయమే, ఆపై వారమును సూర్యాస్తమయమే! ‘వాకిలి’ యనగానే ఎక్కడి కోటద్వారమునో వెదకుట యేల? ప్రతి ఉదయము తల్లి కల్లాపి చల్లి ముగ్గు వేయు వాకిలి ఇంటి ముందే యున్నది.

ఒక ఇంట ‘చేతులు’ అను విషయము వచ్చిన వారమున మనుమరాలు ఫోను తీసికొని నాయనమ్మ కడకు పోయినది. ఆ ముసలామె చింతపండు గింజలు తీయుచున్నది. “నా ముఖము వద్దే తల్లీ, పండ్లు లేవు” అన్నది. “ముఖము కాదు నాయనమ్మా, చేతులే” అన్నది పిల్ల. ఆమె కొంతసేపు తన చేతులను తానే త్రిప్పి చూచుకొని, కొంగుతో తుడుచుకొని, చాట మీద చాచి పెట్టినది.