పూస ఒక్కటే ఇచ్చి పందిని కొట్టమంటారా?

"అన్నా, పందులకని తుపాకి లైసెన్సుకు అర్జీ పెడతాండా. గురికి ఏం పెట్టించుకుంటే బాగుంటాది? దుర్బీనా, మామూలు ఇనుప గురా?" పెనుకొండ కొండల కింద చేలున్న రైతులు సంఘం వాళ్ళను అడుగుతున్న మాట ఇది. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఇనుప గురే. వెనక వెడల్పాటి గాడి, ముందు తెల్ల పూస. కానీ అలాంటి తుపాకి రైతు చేతికి రానివ్వకుండా అడ్డం పడేది ఎవరో చెప్పకుండా ఆ జవాబు చెప్పి ప్రయోజనం లేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ గుట్టల అంచున సేద్యం చేసేవాళ్ళకు పంది సంగతి కొత్తగా చెప్పాలా? విత్తనం వేసిన వారంలోనే సాలు పట్టుకుని తవ్వుకుంటూ పోతుంది. కాయ ఊరే నాటికి మళ్ళీ వస్తుంది. మొక్కజొన్నయితే తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ. మంచె మీద పడుకున్నాం, డబ్బాలు కొట్టాం, టపాకాయలు కాల్చాం, చేను చుట్టూ పాత చీరలు కట్టాం. నాలుగు రాత్రులు బెదురుతుంది. అయిదో రాత్రి చీర కిందనుంచే దూరుతుంది.

ఆ తర్వాత రైతు చేసే పని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. కరెంటు తీగ. మోటారు దగ్గరనుంచి లైను లాగి చేను చుట్టూ జానెడు ఎత్తున కడతారు. దానికి పందే తగలాలని ఎక్కడుంది? పొద్దున్నే నీళ్ళు కట్టడానికి వచ్చే పక్కచేను రైతుకు తగులుతుంది, గొర్రెల కాపరికి తగులుతుంది, తీగ విప్పడం మరిచిపోయిన సొంత కొడుక్కే తగులుతుంది. చచ్చినవాడూ రైతే, జైలుకు పోయేవాడూ రైతే. ఈ సంఘంలో సభ్యుడై ఉండి తీగ కట్టేవాళ్ళను వెనకేసుకు రావడం మన పని కాదు. కానీ చట్టబద్ధమైన దారి మూసేసినవాళ్ళు తీగ కట్టినవాణ్ణి ఒక్కణ్ణే దోషి అంటే మాత్రం ఊరుకోం.

దారి ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. పంట రక్షణ కోసం నిజంగా అవసరమైనవాడికి మూతినుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని అందులో రాశారు. ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది. దట్టించే తుపాకి చాలదని లైసెన్సు అధికారికి తోస్తే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టపు తుపాకి, అంటే మనం పన్నెండు బోరు అనేదానికి, లైసెన్సు ఇవ్వొచ్చు. ఈ రెండో వాక్యాన్ని మన అర్జీల్లో ఎవరూ రాయరు, ఆఫీసుల్లో ఎవరూ గుర్తుచేయరు. మొదటి వాక్యం దగ్గరే ఫైలు ఆగుతుంది.

దట్టించే తుపాకితో రాత్రిపూట పందిని కొట్టమని చెప్పేవాళ్ళు ఒక్కసారి దాన్ని భుజానికి ఆనించి చూడాలి. గొట్టం చివర ఒక పూస తప్ప వెనక ఏమీ ఉండదు. వెనక గురి మన కన్నే. చెంప దస్తాకు ఆనకుండా తల ఒక్క సెంటీమీటరు పైకి లేచిందనుకోండి. కంటికీ పూసకూ మధ్య మీటరు దూరం ఉంటే, 30 మీటర్ల దూరాన దెబ్బ 30 సెంటీమీటర్లు, అంటే అడుగు ఎత్తున పోతుంది. చీకట్లో పూస కనపడక అందరూ తల ఎత్తుతారు. అందుకే గుండు వీపు మీదుగా పోతుంది, లేదా వీపును గీసుకుని పోతుంది. రెండో దెబ్బ ఉండదు. మందు పోసి, దట్టించి, క్యాపు పెట్టేలోగా గాయపడ్డ పంది పొదలోకైనా దూరుతుంది, మన మీదికైనా వస్తుంది. తెల్లారి ఆ పొద పక్కన కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళ గతి ఏమిటి?

అదే వెనక ఒక గాడి ఉంటే లెక్క మారిపోతుంది. గాడికీ పూసకూ మధ్య 60 సెంటీమీటర్లు ఉంటే, పూస గాడిలో ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా 30 మీటర్లకు తేడా 5 సెంటీమీటర్లే. తల ఎత్తితే పూస గాడిలోనుంచి బయటపడి మనకే తెలిసిపోతుంది.

గాడి లోతుగా, సన్నగా ఉండకూడదు. సన్నగాడి పగలు, బోర్డు మీద కాల్చేవాళ్ళకు. మసక వెలుతురులో అది మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న గాడే మేలు. పూస తెల్లగా, కాస్త లావుగా ఉండాలి. నల్లపూస నల్లపంది మీద మాయమైపోతుంది. కన్నం గురి పగటికి బాగుంటుంది కానీ కన్నం చిన్నదైతే చీకట్లో ఏమీ కనిపించదు, వానలో బురద పడితే ఇంకా కష్టం. ఎర్రగా పచ్చగా మెరిసే ప్లాస్టిక్ పుల్లల గురి బయటి వెలుతురును పట్టి మెరుస్తుంది. వెలుతురే లేని రాత్రి అదేం మెరుస్తుంది? ఇక దుర్బీను. ఇరవై ముప్పై మీటర్లలో ఉన్న పందికి దుర్బీనెందుకు? పెద్దదిగా చూపించే దుర్బీనులో వెంట్రుకలు కనిపిస్తాయి, పంది ఏ వైపు తిరిగిందో కనిపించదు. అమ్మేవాడు గొప్పలు చెబుతాడు, డబ్బు మనది. వెనక గాడి లేని తుపాకికి దాన్ని లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరే పెట్టించాలి. ఊళ్ళో వెల్డింగు షాపులో గొట్టానికి వేడి తగిలించొద్దు.

రైఫిలు అడుగుతున్న కుర్రవాళ్ళకూ ఒక మాట. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిలుకు మంచి ఇనుప గురే ఉంటుంది, కాదనను. కానీ దాని గుండు తప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. చేనుకు అవతల ఊరున్న చోట, రోడ్డున్న చోట అది పనికిరాదు. నున్నటి గొట్టంలో ఎస్‌జీ తూటా ముప్పై మీటర్లు దాటితే చెదిరి బలం తగ్గుతుంది. మనకు కావలసిందీ అదే. ఒకడు వెనకనుంచి టార్చి పట్టాలి, ఆ వెలుగులో పూసా కనపడాలి, జంతువూ కనపడాలి. కృష్ణజింకా నెమలీ మొదటి షెడ్యూలులోవి, వాటి జోలికి పోకూడదు. పొద కదిలిందని కాల్చేవాడి చేతికి ఏ గురీ ఇవ్వకూడదు.

తుపాకి ఉన్నంత మాత్రాన పందిని కాల్చొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. 11వ సెక్షన్ ప్రకారం నిలబడ్డ పంటకు ప్రమాదంగా మారితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. తుపాకి కాగితం రెవెన్యూలో, పంది కాగితం అటవీ శాఖలో. లేపాక్షి గుడి పైకప్పు మీద బొమ్మ చూసే ఉంటారు. ఒకే పందికి అర్జునుడి బాణం, కిరాతుడి బాణం తగిలి, నాదంటే నాదని కొట్లాడుకుంటారు. ఇక్కడ రెండు శాఖలూ నాది కాదంటే నాది కాదని కొట్లాడుతున్నాయి. ఈలోగా చేను ఖాళీ.

వేరేచోట్ల ఏదో ఒకటి చేశారు. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే పందుల్ని కాల్చడానికి అనుమతిచ్చే అధికారం ఇచ్చింది. బీహారులో కేంద్రం 2015 డిసెంబరులో నీల్‌గాయినీ అడవిపందినీ ఏడాదిపాటు హానికర జంతువులుగా ప్రకటించింది. 2016లో మొకామా పొలాలకు హైదరాబాదు నుంచి షూటర్లు పోయి నీల్‌గాయిలను కాల్చారు, ఢిల్లీలో మంత్రుల మధ్యే గొడవైంది. మనకు ఆ పద్ధతి వద్దు. నాలుగు రోజులు వచ్చి కాల్చి పోయేవాడికి ఏ చేను ఎవరిదో, ఏ దారిన ఎవరు నడుస్తారో తెలియదు. కాపలా ఉండేది రైతు, శిక్షణా అనుమతీ రైతుకే ఇవ్వండి.

"సీమ ఊళ్ళకు తుపాకులిస్తే ఫ్యాక్షన్ మళ్ళీ లేస్తుంది" అంటారు. ఈ భయాన్ని నేను కొట్టిపారెయ్యను, ఆ రోజులు చూసినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. కానీ ఆ రోజుల్లో ఎక్కువగా పేలింది నాటుబాంబు. దానికి లైసెన్సూ లేదు, నంబరూ లేదు. పేరుతో, నంబరుతో, తూటాల లెక్కతో స్టేషనులో నమోదైన తుపాకికి భయపడి, లెక్కాపత్రం లేని నాటు తుపాకినీ కరెంటు తీగనూ చూసీచూడనట్టు వదిలేయడం ఏం శాంతిభద్రత? కేసులున్నవాడికి ఇవ్వకండి. మిగతావాళ్ళకు ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాయండి.

కాబట్టి అర్జీ పెట్టేవాళ్ళు ఈసారి ఇలా రాయండి: "దట్టించే తుపాకి నా పంట రక్షణకు చాలదు. రెండో దెబ్బ లేదు, వెనక గురి లేదు, రాత్రి వాడితే మనుషులకు ప్రమాదం. 13వ సెక్షన్ ప్రకారం నున్నటి గొట్టపు తుపాకికి లైసెన్సు కోరుతున్నాను." సర్వే నంబరు, పంట, నష్టపోయిన తేదీలు, ఫోటోలు జతచేయండి. 11వ సెక్షన్ అనుమతి కోసం అటవీ శాఖకు విడిగా ఇంకో అర్జీ పెట్టండి. రాత్రి కాపలా సంగతీ, ఏ నెలనుంచి ఏ నెల దాకానో కూడా ఉత్తర్వులో రాయమని అడగండి. రెండింటికీ రసీదు తీసుకుని నకలు సంఘానికి ఇవ్వండి. కాయ ఊరకముందే అందరి నకళ్ళూ కట్టగట్టి పుట్టపర్తి కలెక్టరు దగ్గరికి తీసుకుపోదాం.